ఆ నల్లరాయి పేరేమిటి?

దక్షిణ బస్తర్‌లో, సుక్మా, దంతెవాడ జిల్లాల వాగుల ఒడ్డున, వానలు వెనుకబట్టాక ఒక నల్లరాయి దొరుకుతుంది. చూపుకు దానిలో విశేషమేమీ కనిపించదు. గులకరాళ్ల మధ్య మరో గులకరాయిలా, గోధుమరంగు కలిసిన నలుపుతో, అంచులు అరిగిపోయి ఉంటుంది. చేతిలోకి తీసుకుంటేనే తేడా తెలుస్తుంది. చింతగింజంత ముక్క కూడా తన పరిమాణానికి మించిన బరువుతో అరచేతిలో కూర్చుంటుంది. అంతే పరిమాణం ఉన్న పలుగురాయి కంటే అది రెండున్నర రెట్లు బరువు.

ఇలాంటి రాయి కంటబడితే ఎవరికైనా మొదట కలిగే ప్రశ్న, ఇదేమిటి అన్నదే. ఆకాశం నుంచి రాలిన ఉల్క అనుకునేవారుంటారు. ఇనుపరాయి అని తేల్చేసేవారుంటారు. నిజం తెలుసుకోవడానికి తొలిదశలో పెద్ద ప్రయోగశాలేమీ అక్కర్లేదు. ఒక అయస్కాంతం, నునుపు పూత లేని పింగాణీ పలక ముక్క ఉంటే చాలా దూరం వెళ్లవచ్చు. ఉల్కల్లో అత్యధికం అయస్కాంతానికి స్పందిస్తాయి. మాగ్నటైట్ అయితే అయస్కాంతాన్ని గట్టిగా పట్టుకుంటుంది, పలక మీద నల్లటి గీత గీస్తుంది. హెమటైట్ పైకి ఎంత నల్లగా కనిపించినా దాని గీత మాత్రం ఎర్రగా, ఎండిన నెత్తుటి రంగులో పడుతుంది. ఈ వాగురాయి అయస్కాంతాన్ని పట్టించుకోదు. దాని గీత తెల్లగానో లేత గోధుమరంగులోనో ఉంటుంది. అనుమానం తీరకపోతే మరో పరీక్ష ఉంది. పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో జింకు ముక్కలతో పాటు ఈ రాయిని వేస్తే కాసేపటికి దాని ఒంటి మీద బూడిదరంగు పొర పేరుకుంటుంది. గుడ్డతో రుద్దితే ఆ పొర మెరుస్తుంది. ఒకప్పుడు వీధుల్లోకి వచ్చి ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవారి చేతిలో మెరిసినది కూడా ఆ లోహమే. దాని పేరు తగరం. రాయి పేరు కాసిటరైట్. స్వచ్ఛమైన రాయిలో దాదాపు 78 శాతం తగరమే ఉంటుంది.

దేశంలో తగరపు ఖనిజాన్ని ఉత్పత్తి చేసే రాష్ట్రం ఛత్తీస్‌గఢ్ ఒక్కటే. ఆ ఛత్తీస్‌గఢ్‌లో అది దొరికేది బస్తర్ దక్షిణ భాగంలోనే. 1970వ దశకంలో ఇక్కడి తగరం ప్రభుత్వ భూగర్భ సర్వేల్లోకి ఎక్కింది. భూమి లోపల కరిగిన శిల చల్లబడుతూ చివరి దశలో ఘనీభవించిన ముతక స్ఫటికాల రాతి పట్టీలలో అది ఇమిడి ఉంటుంది. వాటిని పెగ్మటైట్లు అంటారు. ఎండావానలకు ఆ పట్టీలు శిథిలమైనప్పుడు తేలిక పదార్థం కొట్టుకుపోతుంది. బరువైన తగరపు రాయి వాగు అడుగున, వంపుల దగ్గర, గులక పొరల కింద నిలిచిపోతుంది. కటేకల్యాణ్, తోంగ్‌పాల్, గోవింద్‌పాల్ పరిసరాల ఆదివాసీ స్త్రీపురుషులు ఆ మట్టిని తవ్వి, నీళ్లలో ఆడించి, తేలికను వదిలి బరువును ఉంచుకుంటారు. అలా మిగిలిన నల్లటి ఇసుకనూ రాళ్లనూ కిలోల లెక్కన అమ్ముతారు. రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ దానిని కొనుగోలు చేస్తుంది.

ఈ మొత్తం ప్రక్రియలో రాయిని గుర్తించేది ఆ చేతులే. ఏ వంపులో వెతకాలి, ఏ రంగు మట్టి కింద ఆశ ఉంది, నీళ్లలో ఆడిస్తున్నప్పుడు ఏది తగరం, ఏది వట్టి నల్లరాయి అన్నది వారికి బరువును బట్టి, అనుభవాన్ని బట్టి తెలుస్తుంది. కానీ ఆ గుర్తింపుకు చట్టంలో విలువ లేదు. చట్టం రాయిని మరో పద్ధతిలో గుర్తిస్తుంది. దానికి అయస్కాంతం, పలక, ఆమ్లం అవసరం లేదు. జాబితాలో ఆ రాయి ఏ భాగంలో ఉందన్నదే దాని పరీక్ష. బస్తర్ ప్రజల భవిష్యత్తును నిర్ణయిస్తున్నది ఈ రెండో గుర్తింపే.

1996 డిసెంబరులో అమల్లోకి వచ్చిన పెసా చట్టాన్ని తీసుకుందాం. షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభకు ప్రాణం పోసిన చట్టంగా దానికి పేరుంది. గనుల విషయంలో అది చెప్పినదేమిటి? చిన్నతరహా ఖనిజాల అన్వేషణకు గానీ తవ్వకానికి గానీ అనుమతి ఇచ్చే ముందు గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫారసు తప్పనిసరి అన్నది. చిన్నతరహా ఖనిజాలంటే ఇసుక, కంకర, ఇళ్లకు వాడే రాయి వంటివి. ఇనుము, తగరం, బాక్సైట్ ఆ కోవలోకి రావు. అంటే ఒకే వాగులో పక్కపక్కన పడి ఉన్న రెండు రాళ్లలో తేలికదాని మీద గ్రామసభ మాటకు ఈ చట్టం విలువనిస్తుంది. బరువైనదాని విషయంలో అలాంటి నిబంధన లేదు. రాయి విలువ పెరిగేకొద్దీ ఊరి విలువ తరిగిపోయే ఏర్పాటు ఇది.

ఆ నల్లరాయికి 2023లో మరో పేరు వచ్చింది. ఆ ఏడాది కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన 30 కీలక ఖనిజాల జాబితాలో తగరం ఉంది. ఆగస్టులో గనులు, ఖనిజాల చట్టాన్ని సవరించి, 24 కీలక ఖనిజాలను ప్రత్యేక భాగంగా చేర్చి, వాటి గనులను వేలం వేసే అధికారాన్ని రాష్ట్రాల నుంచి కేంద్రం తన చేతిలోకి తీసుకుంది. ఆదాయం రాష్ట్రాలకే వస్తుందన్నారు గాని, ఎప్పుడు, ఎక్కడ, ఏ ప్రాంతాన్ని వేలానికి పెట్టాలన్న నిర్ణయం ఢిల్లీకి తరలింది. తగరం ఆ 24లోనూ ఉంది. అక్కడితో ఆగలేదు. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ కీలక, వ్యూహాత్మక, అణు ఖనిజాల తవ్వకాలకు పర్యావరణ అనుమతుల ప్రక్రియలో ప్రజాభిప్రాయ సేకరణను మినహాయించింది. దేశ రక్షణ, ఆర్థిక అవసరాలను అందుకు కారణంగా చూపింది. షామియానా కింద జరిగే ఆ విచారణలు చాలాచోట్ల తంతుగానే ముగిసేవన్నది నిజమే. అయినా ఒక గ్రామస్థుడు లేచి నిలబడి, అధికారుల సమక్షంలో, రికార్డులో నమోదయ్యేలా అభ్యంతరం చెప్పగలిగిన వేదిక అది. రాయి పేరు మారడంతో ఆ వేదిక కూడా పోయింది.

పేరు మారితే హక్కు మారుతుందన్న పాఠం బస్తర్‌కు కొత్త కాదు. బైలాడిలా అంటే ఎద్దు మూపురం. దూరం నుంచి చూస్తే ఆ కొండల వరుస అలాగే కనిపిస్తుంది కనుక జనం ఆ పేరు పెట్టుకున్నారు. పంతొమ్మిదో శతాబ్దం చివరలో భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన ప్రమథనాథ్ బోస్ అక్కడి ఇనుమును నమోదు చేశారు. 1934-35లో క్రూక్‌శాంక్ ఆ కొండలను పటం మీదికి ఎక్కించి, ఖనిజం ఉన్న చోట్లను 14 నిక్షేపాలుగా గుర్తించారు. అవి గొప్ప శాస్త్రీయ కృషి ఫలితాలే, సందేహం లేదు. కానీ ఆనాటి నుంచి కొండకు పేరు పోయి అంకె మిగిలింది. నేటికీ అధికార పత్రాల్లో బైలాడిలా శిఖరాలు నిక్షేపం 5, నిక్షేపం 11, నిక్షేపం 14 అన్న అంకెలతోనే వ్యవహారంలో ఉన్నాయి.

ఈ కథలో తెలుగువారు కేవలం ప్రేక్షకులు కారు. కాకతి ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఓరుగల్లు పతనానంతరం ఇక్కడ రాజ్యం స్థాపించాడన్నది బస్తర్ రాజవంశపు సంప్రదాయ కథనం. అది పాత ముచ్చట. 1947లో మాత్రం బస్తర్ ఖనిజాల లీజు కోసం హైదరాబాద్ నిజాం ప్రభుత్వం ప్రయత్నించిందనీ, అది తెలిసి సర్దార్ పటేల్ ఆందోళన చెందారనీ, సంస్థానాల విలీనంలో ఆయనకు కుడిభుజంగా నిలిచిన వి.పి. మేనన్ తన గ్రంథంలో నమోదు చేశారు. స్వతంత్ర భారతంలో బైలాడిలాను తవ్వుతున్న జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ 1958లో ఏర్పడింది. దాని ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. జపాన్ ఉక్కు కర్మాగారాలకు ఇనుపరాయి సరఫరా చేసే ఒప్పందం 1960లో కుదిరింది. ఆ రాయిని ఓడరేవుకు చేర్చడానికే తూర్పు కనుమలను తొలిచి కొత్తవలస నుంచి కిరండూల్ వరకు దాదాపు 450 కిలోమీటర్ల రైలుమార్గం వేశారు. పర్యాటకులు అరకు అందాలు చూస్తూ ప్రయాణించే దారి అదే. 1968లో నిక్షేపం 14లో తవ్వకం మొదలైంది.

ఆ రైలుమార్గం రూపుదిద్దుకుంటున్న కాలంలోనే, 1966 మార్చి 25న, జగదల్‌పూర్ రాజప్రాసాదంలో పోలీసు కాల్పులు జరిగాయి. ఆదివాసీలు తమవాడిగా భావించిన ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్, ఆయనతో పాటు పలువురు ఆదివాసీలు మరణించారు. అదే సంవత్సరం చివరి నెలల్లో ఆంధ్రదేశం విశాఖ ఉక్కు కోసం రగిలింది. ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు అర్పించారు. ఉక్కు ఆంధ్రుల హక్కన్న నినాదం ఇప్పటికీ ప్రతి తెలుగు గుండెనూ కదిలిస్తుంది. 2021 జనవరిలో కేంద్రం ఆ కర్మాగారాన్ని ప్రైవేటుపరం చేయడానికి సూత్రప్రాయంగా ఆమోదించినప్పుడు మళ్లీ అదే నినాదం వీధుల్లోకి వచ్చింది. విశాఖ ఉక్కుకు సొంత ఇనుప గనులు లేకపోవడమే దాని కష్టాలకు మూలమని కార్మిక సంఘాలు పదే పదే చెబుతున్నాయి. ఆ వాదనలో న్యాయం ఉంది. కానీ కర్మాగారానికి రాయి వచ్చే కొండ మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న ఆ ఉద్యమ వేదికల మీద పెద్దగా వినిపించలేదు. ఉక్కు మీద హక్కు కోరినవారు రాయి మీద హక్కు గురించి కూడా ఆలోచించవలసి ఉంది.

రాయి మీద హక్కు కోరేవారి గొంతు 2019 జూన్‌లో కిరండూల్‌లో వినిపించింది. నిక్షేపం 13 తవ్వకానికి చెట్లు నరకడం మొదలైందని తెలిసి వేలాది మంది ఆదివాసీలు గని సంస్థ ద్వారం ముందు బైఠాయించారు. పత్రాల్లో నిక్షేపం 13గా ఉన్నది వారికి నందరాజు, ఆయన రాణి కొలువైన కొండ. వంట సామగ్రి, విల్లంబులు, డోళ్లు వెంట తెచ్చుకుని పగలూ రాత్రీ అక్కడే ఉన్నారు. తవ్వకానికి అంగీకరిస్తూ 2014లో హిరోలి గ్రామసభ తీర్మానం చేసిందని అధికార పత్రాలు చెబుతున్నాయి. అలాంటి సభే జరగలేదని గ్రామస్థులు ఆరోపించారు. రాష్ట్ర ప్రభుత్వం పనులు నిలిపివేయించి, ఆ తీర్మానంపై విచారణకు ఆదేశించింది. శిలను గుర్తించడానికి ఎన్ని పరీక్షలైనా ఉండవచ్చు. ఇక్కడ మాత్రం పరీక్షకు నిలిచినవి ఒక తీర్మానం కింది సంతకాలు.

దీనికి భిన్నమైన మార్గం లేదనుకోవడం పొరపాటు. అదే రైలుమార్గంలో, అరకుకు ముందు, బొర్రా స్టేషన్ వస్తుంది. ఆ పరిసరాల్లోని అనంతగిరి మండలంలో కాల్సైట్ తవ్వకాలకు ప్రభుత్వం ఇచ్చిన లీజులను సవాలు చేస్తూ సమత సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1997 జూలై 11న వెలువడిన తీర్పు షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వం కూడా ఒక వ్యక్తి వంటిదేననీ, గిరిజనేతరులకు అక్కడి భూమిని లీజుకివ్వరాదనీ చెప్పింది. గిరిజనుల సహకార సంఘాలు తవ్వుకోవచ్చని దారి చూపింది. 2013 ఏప్రిల్‌లో నియమగిరి కేసులో అదే న్యాయస్థానం కొండ మీద తమ మతపరమైన, సాంస్కృతిక హక్కులేమిటో చెప్పే బాధ్యత గ్రామసభలదేనని తేల్చింది. ఒడిశాలోని 12 గ్రామసభలు వరుసగా కూర్చుని బాక్సైట్ తవ్వకాన్ని తిరస్కరించాయి. ఆ కొండలో బాక్సైట్ ఉందన్న శాస్త్రీయ నిజాన్ని అక్కడెవరూ కాదనలేదు. కొండలో ఏముందో చెప్పడం శాస్త్రం పని, దానితో ఏం చేయాలో చెప్పడం ఊరి పని అన్న విభజన అక్కడ అమలైంది.

ఈ విభజన బస్తర్‌లో ఎందుకు అమలు కాకూడదు? దేశానికి తగరం అవసరమే. సెల్‌ఫోను లోపలి పలక మీద తీగలను అతికించేది తగరమే. డబ్బాల్లో ఆహారం చెడకుండా కాపాడే పూత కూడా అదే. మన అవసరంలో అధికభాగం దిగుమతుల మీద నడుస్తోంది. బస్తర్ తగరం వాగులోనే ఉండిపోవాలని అక్కడ దాన్ని ఏరుకుని బతుకుతున్నవారు కూడా అనరు. తవ్వాలా వద్దా అన్న దానికి ముందే తేలవలసిన సంగతులున్నాయి. ఎవరు తవ్వాలి, ఏ విధంగా తవ్వాలి, లాభం ఎవరికి చేరాలి? 2015 సవరణతో ఏర్పడిన జిల్లా ఖనిజ నిధి గని ప్రభావిత ప్రజల కోసమే ఉద్దేశించినది. దంతెవాడకు ఆ నిధి పెద్దమొత్తంలో వస్తుంది. అయినా ఇనుప ధూళితో ఎర్రబారిన శంఖిని నీళ్ల గురించి దిగువ గ్రామాలు దశాబ్దాలుగా మొరపెట్టుకుంటూనే ఉన్నాయి. డబ్బు వస్తే హక్కు వచ్చినట్టేనన్న భ్రమను ఆ నదే కొట్టిపారేస్తోంది.

బస్తర్‌లో ఈ ప్రశ్నలకు ఇప్పుడు మరింత తొందర వచ్చిపడింది. మావోయిస్టు ఉద్యమాన్ని 2026 మార్చి 31 నాటికి అంతం చేస్తామని కేంద్ర హోంమంత్రి గడువు పెట్టారు. 2025 మే 21న నారాయణపూర్ జిల్లాలో ఆ పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు ఎదురుకాల్పుల్లో మరణించినట్టు ప్రభుత్వం ప్రకటించింది. అడవిలో పెరుగుతున్న భద్రతా శిబిరాల వెనుకే గనులు వస్తాయన్న భయం అక్కడి గ్రామాల్లో ఉంది. ఆ భయం నిరాధారమని ప్రభుత్వం భావిస్తే దాన్ని తొలగించే మార్గం ప్రభుత్వం చేతిలోనే ఉంది. తుపాకీ చప్పుడు ఆగిన చోట ప్రజల మాట వినిపించాలి. సరిగ్గా ఆ సమయంలోనే ప్రజాభిప్రాయ సేకరణను తొలగించడం ఎలాంటి సంకేతమిస్తుందో పాలకులు ఆలోచించుకోవాలి. 1992లో బస్తర్‌లో ఉక్కు కర్మాగార ప్రతిపాదనను ప్రశ్నించినందుకు ఒకప్పటి ఆ జిల్లా కలెక్టరూ, ఎస్సీ ఎస్టీ కమిషనరూ అయిన బి.డి. శర్మను జగదల్‌పూర్ వీధుల్లో వివస్త్రను చేసి ఊరేగించారు. ఆయన జీవితాంతం చెప్పినది ఒక్కటే, ఊరి సంగతి ఊరు తేల్చుకోవాలని. ఆ మాటకు తుపాకీతో పనిలేదు. రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు చాలు.

దంతెవాడకు సమీపంలోని గామవాడలో నిలువెత్తు రాళ్లు నాటి ఉంటాయి. చనిపోయిన తమవారి గుర్తుగా మాడియాలు వాటిని నిలబెడతారు. ఆ స్మారక శిలను ఉరస్కల్ అంటారు. కల్ అంటే రాయి. గుంతకల్లు వంటి మన ఊరి పేర్లలో ఇప్పటికీ వినిపించే మాటే అది. ఆ రాళ్ల ముందు నిలబడిన భూగర్భ శాస్త్రజ్ఞుడు వాటి జాతి ఏమిటో, వయసు ఎంతో చెప్పగలడు. అవి ఎవరివో మాత్రం ఊరినే అడగాలి.

కాబట్టి ఆ వాగురాయి విషయంలోనూ చేయవలసింది ఇదే. పెసా చట్టంలోని గ్రామసభ సిఫారసు నిబంధనను చిన్నతరహా ఖనిజాల దగ్గర ఆపకుండా తగరం, ఇనుము దాకా విస్తరించాలి. ప్రజాభిప్రాయ సేకరణను పునరుద్ధరించాలి. ఏ తగరపు ప్రాంతాన్నైనా వేలానికి పెట్టే ముందు, ఇన్నాళ్లుగా దాన్ని ఏరుతున్నవారి సహకార సంఘాలకు తొలి అవకాశం ఇవ్వాలి. ఢిల్లీలో వేలం ప్రకటన రాసేవారికి ఆ రాయి జాబితాలో ఒక పంక్తి. కటేకల్యాణ్ వాగులో మోకాలి లోతు నీళ్లలో వంగి మట్టిని ఆడిస్తున్న స్త్రీకి అది ఆ పూట కూలి. దాని పేరూ, దాని మీద హక్కూ తేల్చే సభ ఎక్కడ జరిగినా అక్కడ ఆమె ఉండాలి.